పరీక్షకు పెట్టిన నకలు కూడా నిజాయితీగా ఉండాలి

(మన ట్రస్టు వార్షిక స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



“పిల్లలకు కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పండి” అని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను ఇంజినీరును కాను. ఇదే కామాటిపుర గల్లీలో పుట్టి, మునిసిపల్ తెలుగు బడిలో చదివి, పగలు పని చేసుకుంటూ బి.కాం. పూర్తి చేసి, 1981లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, 2018లో గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రోగ్రాము రాయడం నాకు రాదు. కానీ ప్రోగ్రాము తప్పితే కౌంటరుకు అవతల నిలబడిన మనిషికి ఏమవుతుందో ముప్పై ఏడేళ్లు చూశాను. ఆ అనుభవంతోనే మాట్లాడతాను.

మీకు తెలిసిన విషయమే, ఈ ఏడాది నుంచి మన ట్రస్టు దరఖాస్తులను కంప్యూటరులో తీసుకుంటున్నది. ఆ ప్రోగ్రాము రాసింది బయటివారు కాదు. ఎనిమిదేళ్ల క్రితం ఇదే సభలో స్కాలర్‌షిప్పు అందుకున్న మన అమ్మాయి. ఇప్పుడు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేరు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నది. ఆ అమ్మాయి ఒక ఆదివారం మా ఖోలీకి వచ్చి, “అంకుల్, నాకు కొందరు దొంగ దరఖాస్తుదారులు కావాలి. మీరు తయారు చేసి పెడతారా?” అంది. మా ఇంటావిడ కంగారు పడింది. విషయం తెలిశాక ఆమె కూడా కూర్చుని మాతో పాటు పేర్లు చెప్పింది. ఆ దొంగ దరఖాస్తుదారుల సంగతే ఈ రోజు నా విషయం.

ముందుగా తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. మన ట్రస్టు ప్రోగ్రాము ఒంటరిగా పని చేయదు. విద్యార్థుల వివరాలను ఒక చోట పట్టికలుగా దాచుకుంటుంది. దాన్ని డేటాబేస్ అంటారు. మా బ్యాంకులో లెడ్జర్లు పెట్టుకున్న ఇనుప బీరువా లాంటిదన్న మాట. డబ్బు పంపాలంటే బ్యాంకు కంప్యూటరును అడుగుతుంది. మొబైలుకు సందేశం పంపాలంటే టెలిఫోను కంపెనీ కంప్యూటరును అడుగుతుంది. ఇలా అడిగితే పని చేసిపెట్టే బయటి కంప్యూటర్లను సర్వీసులు అంటారు. ప్రోగ్రాము సరిగా ఉందో లేదో చూడటానికి ప్రతిసారీ నిజం బ్యాంకునే అడిగితే నిజం డబ్బు కదులుతుంది. నిజం తల్లికి అర్ధరాత్రి సందేశం వెళుతుంది. అందుకని పరీక్ష చేసేటప్పుడు నిజం బ్యాంకు స్థానంలో ఒక బొమ్మ బ్యాంకును, నిజం బీరువా స్థానంలో ఒక బొమ్మ బీరువాను పెడతారు. దీన్నే వారి భాషలో మాక్ అంటారు.

ఈ మాట పాతదేమీ కాదు. 2000లో టిమ్ మెకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ అనే ముగ్గురు ఒక సదస్సులో మాక్ వస్తువుల గురించి పత్రం సమర్పించారు. 2007లో గెరార్డ్ మెజారోస్ అనే ఆయన తన పుస్తకంలో ఇలాంటి బొమ్మలన్నిటికీ కలిపి ‘టెస్ట్ డబుల్’ అని పేరు పెట్టాడు. సినిమాలో హీరో బదులు మేడ మీది నుంచి దూకే మనిషిని మనం డూపు అంటాము కదా, ఆ అర్థంలోనే.

నాకైతే మన ఇళ్లలోని మాటే దగ్గరగా అనిపించింది. మన తాత ముత్తాతలు తెలంగాణ పల్లెల నుంచి వచ్చి ఈ నగరంలో రాళ్లు మోశారు, గోడలు కట్టారు. కామాఠీలు అన్న పేరు మీదనే ఈ పేటకు పేరు వచ్చింది. ఇప్పటికీ మనలో చాలా ఇళ్లలో కట్టుబడి పని తెలిసినవారు ఉన్నారు. స్లాబు పోసే ముందు సెంట్రింగు కొడతారు. పని అయ్యాక విప్పేస్తారు. ఇంట్లో కాపురం ఉండేవారికి అది కనపడదు. అయినా సెంట్రింగు వంకరగా ఉంటే స్లాబు వంకరగానే వస్తుంది. “ఎలాగూ విప్పేసేదే కదా” అని ఏ మంచి మేస్త్రీ కూడా దాన్ని అశ్రద్ధ చేయడు. పరీక్షకు పెట్టే బొమ్మ బ్యాంకు కూడా అంతే.

ఇక నా కథకు వస్తాను. నేను చేరినప్పుడు అంతా చేతి రాతే. బ్యాంకుల్లో కంప్యూటర్ల గురించి శ్రీ సి. రంగరాజన్‌గారి అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీలు 1984లోను, 1989లోను నివేదికలు ఇచ్చాయి. ఆ తర్వాత శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి. మా ఉద్యోగాలు పోతాయని మొదట యూనియన్లలో భయం ఉండేది. మెషీను వచ్చిన కొత్తలో మేము చేసిన పరీక్ష చాలా సులభం. పగలు వోచర్లను లెడ్జరులో రాసేవాళ్లం. అవే వోచర్లను మెషీనులో కొట్టేవాళ్లం. సాయంత్రం రెండు బ్యాలెన్సులూ కలిపి చూసేవాళ్లం. పైసా తేడా వచ్చినా ఇంటికి వెళ్లేది లేదు. అప్పుడు నకలు అక్కరలేకపోయింది. అసలు పక్కనే ఉంది.

2000 సంవత్సరం వచ్చేముందు మొదటిసారి నకలు చూశాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండు అంకెలే ఉండేవి. 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకుంటుందని భయం. మన హైదరాబాదు కుర్రాళ్లు ఎందరో ఆ మరమ్మతు పని మీదనే విదేశాలకు వెళ్లారు. మా శాఖలో ఒక కంప్యూటరును విడిగా పెట్టి, దాని గడియారాన్ని ముందుకు తిప్పి, ఉత్తుత్తి ఖాతాలతో డిసెంబరు 31 రాత్రిని మూడుసార్లు గడిపించారు. ఆ ఒక్క రాత్రే కాదు, ఫిబ్రవరి 29 కూడా చూశారు. వందతో భాగించబడే సంవత్సరం మామూలుగా లీపు సంవత్సరం కాదు. కానీ నాలుగు వందలతో భాగించబడితే లీపు సంవత్సరమే. 2000 అలాంటిది. సగం సూత్రం మాత్రమే తెలిసిన ప్రోగ్రాము అక్కడ పడిపోతుంది. మంచి పరీక్ష అంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమయ్యి ఉండవలసింది. కాలేదు.

2006లో మా శాఖ కోర్ బ్యాంకింగులోకి మారింది. అంటే శాఖలో ఉన్న లెక్కలన్నీ ఒకే పెద్ద కేంద్రానికి వెళ్లిపోతాయి. మార్చే ముందు పరీక్షించడానికి మాకు ఒక ఉత్తుత్తి శాఖను కంప్యూటరులో ఇచ్చారు. “ఖాతాదారులను తయారు చేసి, అన్ని పనులూ చేసి చూసి, సరిగా ఉందని సంతకం పెట్టండి” అన్నారు. ఆ పని నాకు అప్పగించారు. నేను పన్నెండు మంది ఖాతాదారులను తయారు చేశాను. పన్నెండు మందికీ నాకు ఇష్టమైన సినిమా నటుల పేర్లు పెట్టాను. ఒక్కొక్కరికి సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఇలా మూడు ముక్కలు. వేర్వేరు ఇళ్లు, వేర్వేరు పుట్టిన తేదీలు. అందరికీ సంతకం వచ్చు. అందరి ఖాతాలోనూ డబ్బు ఉంది. ఎవరికీ అప్పు లేదు. వేసిన డబ్బు పడింది, తీసిన డబ్బు వచ్చింది. రెండు రోజుల్లో పని ముగించి రిజిస్టరులో “అన్నీ సరిగా ఉన్నవి” అని రాసి సంతకం పెట్టాను.

ఆ కొత్త పద్ధతిలో ఒక్కో మనిషికి ఒక్కో ఖాతాదారు నంబరు ఇవ్వాలి. ఒకే మనిషికి మూడు ఖాతాలుంటే మూడూ ఒకే నంబరు కిందికి చేరాలి. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఈ మూడూ కలిస్తే కంప్యూటరు “వీరిద్దరూ ఒకరే” అని కలిపేస్తుంది. వినడానికి బాగానే ఉంది కదా? మన గల్లీలను ఒకసారి తలచుకోండి. మన ముసలమ్మలలో చాలామందికి పాసుబుక్కు మీద ఒకటే పేరు, ఇంటిపేరు ఉండదు. నర్సమ్మ, బాలమ్మ, లక్ష్మి అని ఒక్కో చాల్‌లో నలుగురైదుగురు ఉంటారు. చిరునామాలో చాల్ పేరు ఉంటుంది, ఖోలీ నంబరు ఉండదు. పుట్టిన తేదీ తెలియదంటే 1-1-1950 అని రాసేవాళ్లం. ఎవరు రాసేవాళ్లు? మేమే. ఆ చేత్తో నేనే ఎన్నో రాశాను.

మారిన వారంలోనే ఒక తల్లి వచ్చింది. కట్టుబడి పనికి వెళ్లేది. కొడుకు పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో సీటు తెచ్చుకున్నాడు. ఫీజు కట్టడానికి అయిదు రోజులు గడువుంది. వేలిముద్ర వేసి విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చింది. నేను నంబరు కొడితే ఖాతా ఆపివేయబడినదని తెర మీద వచ్చింది. లోను బాకీ ఉన్నదట. “సారూ, నేను లోను తీస్కోలే” అంది. నిజమే, ఆమె తీసుకోలేదు. అదే చాల్‌లో అదే పేరుతో ఉన్న ఇంకొకామె తీసుకుంది. కంప్యూటరు ఇద్దరినీ ఒకరిని చేసింది.

విడదీసే అధికారం శాఖకు లేదు. పై ఆఫీసుకు రాశాము. “రేపు రామ్మా” అన్నాను. ఆమె రేపు వచ్చింది. మళ్లీ “రేపు రామ్మా” అన్నాను. ఇలా నాలుగుసార్లు అన్నాను. ప్రతిసారీ ఆమె ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. ఎనిమిదో రోజున ఖాతా విడిపోయింది. గడువు దాటి మూడు రోజులయ్యింది. ఆ అబ్బాయి తండ్రితో పాటు పనికి వెళ్లాడు. వచ్చే ఏడు చేరతానన్నాడు, చేరలేదు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. “మీరేం చేస్తరు సారూ, మిషిను కద” అంది.

మిషిను కాదు. ఆ రిజిస్టరులో సంతకం నాది. నా పన్నెండు మందిలో ఒకే పేరు గలవారు ఇద్దరు ఉండి ఉంటే, ఆ ఇద్దరిలో ఒకామెకు లోను బాకీ ఉండి ఉంటే, ఆ తప్పు ఉత్తుత్తి శాఖలోనే బయటపడేది. ఎవరికీ ఫీజు ఆగేది కాదు. నేను ఎదురుగా రోజూ చూస్తున్న మనుషులను వదిలేసి, ఏ ఇబ్బందీ పెట్టని మనుషులను తయారు చేసుకున్నాను. పరీక్ష పాసయ్యింది. కానీ అది ప్రోగ్రాము పాసైనట్టు కాదు, నా బొమ్మలు పాసైనట్టు. ఈ మాట చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను.

ఇక మన అమ్మాయి ప్రోగ్రాముకు వద్దాము. ఆమె తయారు చేసిన బొమ్మ బ్యాంకును నాకు చూపించింది. ఎవరికి డబ్బు పంపమన్నా వెంటనే “అందింది” అంటున్నది. నేను అన్నాను, “మా బ్యాంకు ఎప్పుడూ ఇంత మంచిగా ఉండేది కాదు బిడ్డా.” ఆమె నవ్వి, కాగితం కలం తీసింది. నిజం బ్యాంకు ఏయే జవాబులు చెబుతుందో ఇద్దరం కూర్చుని రాశాము.

మొదటి జవాబు “అందింది.” రెండోది “కుదరదు”, దానికి ఎన్నో కారణాలు. ఖాతా మూసివేశారు. రెండేళ్లు వాడక నిద్రావస్థలోకి వెళ్లింది. పేరు కలవలేదు. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు పాతది. ఈ చివరిది మన తెలుగువారికి బాగా తగిలిన దెబ్బ. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పాసుబుక్కుల మీది కోడ్లు 2021 ఏప్రిల్ నుంచి చెల్లలేదు. అంతకు ముందే 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు స్టేట్ బ్యాంకులో కలిసింది. ఊళ్లో తాతగారి ఖాతా నంబరు ఇచ్చే పిల్లలు మనలో ఉన్నారు. కాబట్టి మన బొమ్మ బ్యాంకుకు పాత కోడ్లు వస్తే “కుదరదు” అనడం నేర్పాలి. ప్రోగ్రాము అప్పుడు ఆగిపోకుండా, దరఖాస్తును తోసివేయకుండా, “కొత్త కోడు ఇవ్వండి” అని ఆ కుటుంబాన్ని అడగాలి.

మూడో జవాబు అన్నిటికన్నా కష్టమైనది. అది మౌనం. మీరు అడిగారు, బ్యాంకు ఏమీ చెప్పలేదు. డబ్బు వెళ్లిందా, లేదా? మీ ఫోనులో డబ్బు పంపినప్పుడు చక్రం తిరుగుతూ ఉండిపోవడం చూసే ఉంటారు. అప్పుడు మళ్లీ నొక్కితే రెండుసార్లు వెళ్లవచ్చు, నొక్కకపోతే అసలు వెళ్లకపోవచ్చు. మా కాలంలో టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ ఉండేది. తంతి ముందు వచ్చేది, దాని ధృవీకరణ ప్రతి తర్వాత పోస్టులో వచ్చేది. ఆ రెండోదాన్ని చూసి కొత్త గుమాస్తా ఇంకోసారి డబ్బు జమ చేయకుండా, నంబరు చూసి సరిపోల్చమని పెద్దలు నేర్పేవారు. కంప్యూటరులోనూ ఉపాయం అదే. ప్రతి చెల్లింపుకు ముందే ఒక నంబరు ఇవ్వాలి. జవాబు రాకపోతే కొత్త నంబరుతో మళ్లీ పంపకూడదు. “ఈ నంబరు సంగతి ఏమైంది?” అని అడగాలి. ఇది సరిగా జరుగుతుందో లేదో తెలియాలంటే బొమ్మ బ్యాంకు డబ్బు జమ చేసి కూడా నోరు మెదపకుండా ఉండటం నేర్చుకోవాలి. అమ్మాయి అలా నేర్పింది. మొదటి పరీక్షలోనే మన ప్రోగ్రాము ఒక ఉత్తుత్తి విద్యార్థికి రెండుసార్లు స్కాలర్‌షిప్పు పంపింది. ఉత్తుత్తి డబ్బు కాబట్టి నవ్వుకున్నాము. ఈ ట్రస్టు డబ్బు మీ పెద్దలు పది, ఇరవై రూపాయలుగా పోగు చేసింది. నిజంగా పోయి ఉంటే నవ్వేవాళ్లం కాదు.

తర్వాత దరఖాస్తుదారులు. ఈసారి సినిమా నటులు లేరు. మా ఇంటావిడ, నేను, ఆ అమ్మాయి కలిసి నలభై మందిని తయారు చేశాము. ఒకే పేరున్న వారు, ఇంటిపేరు ముందు రాసేవారు, మహారాష్ట్ర పద్ధతిలో చివర రాసేవారు. తండ్రి లేని పిల్లవాడు. అమ్మమ్మే సంరక్షకురాలైన పిల్ల. ఒకే మొబైలు నంబరు ఇచ్చిన ముగ్గురు అన్నదమ్ములు. ఫిబ్రవరి 29న పుట్టిన అమ్మాయి. ఖోలీ నంబరు లేని చిరునామా. పేరును తెలుగులోనే రాసినవారు. మా ఇంటావిడ చివరలో “కవల పిల్లలు లేరేం?” అంది. కవలలను చేర్చాము. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు, ఒకే పుట్టిన తేదీ, ఒకే ఇంటిపేరు, పేర్లలో ఒక్క అక్షరం తేడా. ప్రోగ్రాము రెండోవాడిని చూసి “ఈ దరఖాస్తు ఇదివరకే వచ్చినది” అని పక్కన పెట్టేసింది.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. పద్దెనిమిదేళ్ల క్రితం నాటి ఆ తల్లి మళ్లీ కౌంటరు ముందు నిలబడినట్టయ్యింది. అమ్మాయి ఆ రాత్రే సరిచేసింది. ఇప్పుడు ప్రోగ్రాము అనుమానం వస్తే తానే కలపదు, తోసివేయదు. కమిటీ సభ్యుల ముందు పెడుతుంది. ఈ ఏడాది దరఖాస్తుల్లో కవలలు ఉన్నారో లేదో నాకు తెలియదు. చూసే అధికారం నాకు లేదు. ఉంటే మాత్రం ఇద్దరి కాగితాలూ కమిటీ ముందుకు వెళతాయి.

“చూసే అధికారం లేదు” అన్నాను కదా. అది కూడా ముఖ్యమైన విషయమే. కిందటేడు దరఖాస్తులు ఉన్నాయి కదా, వాటినే పరీక్షకు వాడుకోవచ్చు కదా అని నేనే అడిగాను. “వద్దంకుల్, అవి మనవాళ్ల వివరాలు. పరీక్ష కంప్యూటరుకు అంత కాపలా ఉండదు” అంది. 2023లో మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు చట్టం వచ్చింది. చట్టం మాట అటుంచి, ఒక తల్లి తన ఆదాయం ఎంతో, భర్త ఎందుకు లేడో మనకు రాసి ఇచ్చిందంటే స్కాలర్‌షిప్పు కోసం ఇచ్చింది, మన పరీక్ష కోసం కాదు. కాబట్టి పోలిక నిజం మనుషులది ఉండాలి, వివరాలు ఎవరివీ కాకూడదు. పోలిక అంటే పైపైన కాదు. ఆధార్ సంఖ్యకు 12 అంకెలు, అది 0తో గాని 1తో గాని మొదలు కాదు. చివరి అంకె మిగతా వాటి నుంచి లెక్క కట్టి వచ్చేది. ఐ.ఎఫ్.ఎస్.సి.లో 11 అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. ఇవి తెలియకుండా ఇష్టం వచ్చిన అంకెలు వేస్తే ప్రోగ్రాము గడప దగ్గరే ఆపేస్తుంది, లోపలి తప్పులు ఎప్పటికీ కనపడవు.

నకలుకు, అసలుకు మధ్య గోడ కూడా గట్టిగా ఉండాలి. అమెరికాలో సిటీగ్రూపుకు చెందిన ఒక కంపెనీ కథ చెబుతాను. వారు పరీక్ష లావాదేవీల కోసం 089 నుంచి 100 వరకు శాఖ కోడ్లను కేటాయించుకున్నారు. ప్రభుత్వానికి లెక్కలు పంపేటప్పుడు ఆ కోడ్లను వదిలేయమని ప్రోగ్రాములో రాశారు. తర్వాత కొత్త శాఖలకు అక్షరాలు కలిపి 10బి లాంటి కోడ్లు ఇచ్చారు. ప్రోగ్రాము వాటిని కూడా పరీక్ష కోడ్లే అనుకుంది. 1999 నుంచి 2014 వరకు 26,810 నిజమైన లావాదేవీలు లెక్కల్లోకి రాలేదు. 2016లో అక్కడి నియంత్రణ సంస్థ 70 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అసలు మనిషిని బొమ్మ అనుకుంటే ఇలా అవుతుంది.

బొమ్మ ఎంత బాగున్నా చివరికి అసలును ముట్టుకు చూడక తప్పదు. బ్రిటనులో టి.ఎస్.బి. అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో 52 లక్షల మంది ఖాతాదారులను కొత్త కంప్యూటరు వ్యవస్థలోకి మార్చింది. ఆ వ్యవస్థ రెండు డేటా కేంద్రాల నుంచి నడవాలి. ఎంత బరువు మోయగలదో చూసే పరీక్షలు మాత్రం ఒక్క కేంద్రంలోనే చేశారని తర్వాత జరిగిన విచారణలో తేలింది. మార్చిన తర్వాత ఎందరో జనం తమ డబ్బు తాము చూసుకోలేకపోయారు. 2022 డిసెంబరులో ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడింది. అంత పెద్ద బ్యాంకు కథ విన్నాక నా పన్నెండు మంది ఖాతాదారులు గుర్తుకొచ్చారు. పరీక్షించినది ఒకటి, నడిపినది మరొకటి.

మేము రోజూ సాయంత్రం బ్యాలెన్సు చేసినట్టే నకలును కూడా అప్పుడప్పుడు అసలుతో సరిచూడాలి. బ్యాంకు తన నియమాలు మార్చుకుంటుంది, బొమ్మ మారదు. ఎన్.ఇ.ఎఫ్.టి. ఒకప్పుడు బ్యాంకు వేళల్లోనే నడిచేది. 2019 డిసెంబరు 16 నుంచి రోజంతా, సెలవు రోజుల్లో కూడా నడుస్తున్నది. దానికి ముందు చేసిన బొమ్మ ఆదివారం రోజు “కుదరదు” అంటూనే ఉంటుంది. అందుకే మన అమ్మాయి మూడు నెలలకొకసారి బొమ్మ చెప్పే జవాబులను బ్యాంకు ఇచ్చిన నియమాల పుస్తకంతో సరిపోల్చాలని ట్రస్టు రిజిస్టరులో రాసింది. చివరగా కార్యవర్గ సభ్యుల సొంత ఖాతాలకు ఒక్కొక్క రూపాయి నిజంగా పంపి చూశారు. ఒకరి రూపాయి వెనక్కి వచ్చింది. ఎవరిదో చెప్పను. ఆయన ఈ వేదిక మీదనే ఉన్నారు.

పిల్లలూ, మీలో చాలామంది రేపు కంప్యూటరు పనులకే వెళతారు. పరీక్షకు బొమ్మ మనుషులను తయారు చేయమని మీకూ చెబుతారు. అప్పుడు మీకు సులభంగా తోచే మనిషి మూడు ముక్కల పేరు, మంచి చిరునామా, సంతకం, సరిపడా డబ్బు ఉన్న మనిషి. ఆ మనిషితో ఏ ప్రోగ్రాముకైనా పేచీ లేదు. మీరు మాత్రం మీ అమ్మమ్మను తలచుకోండి. మీ చాల్‌ను తలచుకోండి. ప్రోగ్రాములు రాసే చాలామందికి ఈ గల్లీలు తెలియవు, మీకు తెలుసు. అది మీ లోటు కాదు, మీ చదువులో భాగం. పరీక్షలో ప్రోగ్రాము పడిపోతే సిగ్గుపడకండి. అక్కడ పడితే ఎవరికీ దెబ్బ తగలదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల పేరు, పుట్టిన తేదీ బడి సర్టిఫికెట్టులో, ఆధార్‌లో, పాసుబుక్కులో ఒకే విధంగా ఉన్నాయో లేదో ఇంటికి వెళ్లి చూసుకోండి. బ్యాంకు కలిసిపోయి ఉంటే కొత్త పాసుబుక్కు తీసుకోండి. ఖాతా వాడక రెండేళ్లు కాకముందే ఒకసారి వంద రూపాయలు వేయండి. తేడా ఉంటే గడువు దగ్గర పడేదాకా ఆగవద్దు. ట్రస్టు ఆఫీసుకు రండి, ఆదివారాలు నేను ఉంటాను. కాగితం చూసి నాకు చేతనైనది ఆ రోజే చేసి పంపుతాను. “రేపు రామ్మా” అన్న మాట నేను మానేశాను.